మ్యాపులో తెల్లగా వదిలేసిన జాగా

డెబ్బైల చివర్లో నేను మదనపల్లెలో ఒక ఆఫీసులో ట్రేసర్‌గా చేరాను. చుట్టుపక్కల చిన్న పట్టణాలకు ప్లాన్లు తయారు చేసే ఆఫీసు అది. పెద్దవాళ్లు పెన్సిలుతో గీసినదాని మీద పలచటి కాగితం పరిచి, నల్ల ఇంకుతో మళ్లీ గీయడం ట్రేసర్ పని. ఐ.టి.ఐ.లో రెండేళ్లు అదే నేర్చుకున్నాను. మా తరగతిలో ఆడపిల్లలం ఇద్దరమే. రెండో అమ్మాయికి మధ్యలోనే పెళ్లయిపోయింది.

మాది రామసముద్రం దగ్గర పల్లె. మెట్ట సేద్యం. ఉద్యోగం వచ్చిందని చెబితే మా నాన్న రెండు రోజులు చేను దగ్గరే పడుకున్నాడు. మూడో రోజు, "ఆడబిడ్డ బజార్లు కొలిచేది యాడన్నా ఉండాదా?" అన్నాడు. "కొలిచేది కాదు, కుర్చీలో కూచోని గీసేది" అని అమ్మ సర్దిచెప్పింది. అమ్మ చెప్పింది ఒక ఏడాది వరకే నిజమైంది. కొలతలు తీసే అతను వేరే చోటికి వెళ్లిపోయాడు, కొత్తవాళ్లు రాలేదు. మా సార్ నన్ను పిలిచి, "గీయడం వచ్చినదానివి, కొలవడం ఎంతసేపమ్మా?" అన్నాడు. ఆయనది కోస్తా వైపు. మంచివాడే, కానీ పని ఆగితే ఓర్చుకోలేడు. ఆ వారమే నన్ను పుంగనూరు పంపించాడు.

నాతో పాటు చెయిన్‌మన్ వచ్చేవాడు. కొలత గొలుసు రెండో కొస పట్టుకుని నడవడం, గుర్తులు పాతడం, లెక్క గట్టిగా అరిచి చెప్పడం అతని పని. వయసులో నాకు రెండింతలకు పైనే. పుంగనూరు మనిషే, రోజూ బస్సులో మదనపల్లెకు వచ్చి పోయేవాడు. మాట తక్కువ. మొదటి రోజు నాకు ఎండ తగలకుండా తన తువ్వాలు తడిపి ఇవ్వబోయి, మళ్లీ ఏమనుకున్నాడో భుజం మీద వేసుకున్నాడు.

పుంగనూరులో మా పని ఒక కొత్త రోడ్డు కోసం. ఊరి అంచున ఒక వంక ఉంది. వానలు పడినప్పుడే పారుతుంది, మిగతా రోజుల్లో అంతా ఇసకే. వారానికొకసారి ఆ ఇసకలోనే పశువుల సంత జరిగేది. వంకను మట్టితో పూడ్చి, అడుగున గొట్టాలు వేసి, దానిమీద తిన్నగా రోడ్డు వేయాలని, రెండు పక్కలా అంగళ్లు కట్టాలని ఆలోచన. ఊరు పెరుగుతోంది, బస్సులు ఎక్కువయ్యాయి, కాబట్టి ఆ ఆలోచన అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది. స్కేలు పెట్టి ఒక్క ఊపులో గీయగలిగే రోడ్డు అది.

ఊరివైపు కొలతలన్నీ అయ్యాక వంక గట్టు మీద నిలబడి, అవతల ఏముందని చెయిన్‌మన్‌ను అడిగాను.

"తుమ్మసెట్లు మా. ఏం లేదు. ఎండ జాస్తిగా ఉండాది, పోదాం పాండి" అన్నాడు.

తుమ్మచెట్ల మీదుగా పొయ్యి పొగ కనిపిస్తూనే ఉంది. అక్కడ ఇండ్లున్నాయని నాకు తెలియక కాదు. ఎవరి ఇండ్లో కూడా తెలుసు. మా పల్లెలోనూ కూలికి వచ్చేవాళ్ల వాడ వంకకు అవతలే ఉండేది. చిన్నప్పటి నుంచి అటు పోకపోవడం అలవాటు, అందుకని పోలేదు. దానికి వేరే కారణం వెతకను. ఆఫీసుకు వచ్చి ఆ భాగాన్ని తెల్లగా వదిలేసి, మధ్యలో "ఖాళీ జాగా" అని ఇంగ్లీషులో అందంగా రాశాను.

ఆ మ్యాపు పూర్తయిన నెలలోనే ఆఫీసుకు ఒక ఉత్తరం వచ్చింది. ఐరోపాలో కొండల మధ్య ఉన్న ఒక చిన్న పట్టణం నుంచి. దాని పేరు మాకెవరికీ నోరు తిరగలేదు. మాలాంటి చిన్న ఊళ్లు ఎలా పెరుగుతున్నాయో, నీళ్లూ చెట్లూ పోగొట్టుకోకుండా ఎలా పెరగవచ్చో రెండు దేశాల ఊళ్లు ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుందామని, మీ ఊళ్లలో ఒకదాని మ్యాపు పంపితే మా ఊరి మ్యాపు పంపుతామని దాని సారాంశం. బెంగళూరులో ఎవరి చేతుల మీదుగానో తిరిగి మా దగ్గరికి చేరింది. మా సార్‌కు ఇలాంటివంటే సరదా. రెండు పేజీల జవాబు రాసి, నేను గీసిన పుంగనూరు మ్యాపు ప్రింటు ఒకటి జతచేశాడు. మూలన "గీసినవారు" అన్నచోట నా పేరులోని రెండు పొడి అక్షరాలు మాత్రమే ఉన్నాయి.

రెండు నెలల తర్వాత లావుపాటి కవరు వచ్చింది. అందులో వాళ్ల ఊరి మ్యాపు, పెద్దల ఉత్తరం, వాటితో పాటు విడిగా ఒక కాగితం. దాని మీద ముద్రించినట్టున్న చేతిరాతతో "గీసిన అయ్యవారికి" అని ఉంది. రాసింది ఆ ఊరి ఆఫీసులో మ్యాపులు గీసే మనిషి. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషులాగే కుంటిది, కాబట్టి సులువుగా అర్థమైంది. మీ గీత బాగుంది, పెన్ను ఎక్కడ ఎత్తారో కూడా తెలియడం లేదు అని మొదలుపెట్టాడు. తర్వాత ఒక అనుమానం. ఊరివైపు నుంచి మూడు కాలిబాటలు వంక దాకా వచ్చి ఆగిపోయాయి. అవతల ఖాళీ అని రాశారు. ఖాళీ జాగాకు మూడు బాటలెందుకు? వాటిమీద ఎవరు నడుస్తారు?

ఆ బాటలు నేనే గీశాను. చెయిన్‌మన్ కొలతలు చెబుతుంటే రాసుకుని, కనిపించినవి కనిపించినట్టు గీశాను. అవి ఎక్కడికి పోతాయన్నది ఆలోచించలేదు.

సార్‌కు చూపిస్తే నవ్వాడు. "పశువులు నడుస్తాయని రాసెయ్యమ్మా. సంత ఉంది కదా."

రాయబోయి, పెన్ను మూత పెట్టేసి లేచాను. బయటికి వెళ్లాను. వరండాలో చెయిన్‌మన్ కొలత గొలుసుకు నూనెగుడ్డ పట్టిస్తున్నాడు.

"ఆ మూడు బాటలు యాడికి పోతాయప్పా?" అన్నాను.

అతను గొలుసు తుడవడం ఆపలేదు. "మా ఇంటికి పోతాయి మా" అన్నాడు.

"మరి ఆ పొద్దు ఏమీ లేదంటివే?"

"మీరు వస్తారనుకోలేదు మా. ఇల్లుండాదని సెప్పినాక మీరు రాకుంటే నాకు సిన్నతనం. వచ్చి గడపలో నిలబడి నీళ్లు వొద్దంటే ఇంకా సిన్నతనం. ఏం లేదనేస్తే సరిపాయ గదా అనుకుంటిని."

అతని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. వచ్చే ఆదివారం వస్తానన్నాను. అతను తలెత్తి ఒకసారి చూసి, "గొలుసు తేవల్నా?" అని అడిగాడు.

ఆదివారం పొద్దున వంక దాటి వెళ్లాను. నేను తెల్లగా వదిలేసిన చోట ముప్పై పైచిలుకు ఇండ్లున్నాయి. మట్టిగోడలు, పైన బోదగడ్డి కప్పు. చెయిన్‌మన్ ఇంటి ముందు అతని తల్లి కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. ఎండిన కట్టెలాంటి మనిషి, కానీ గొంతు పెద్దది.

"ఎవురురా ఈ పాప?"

"మా ఆఫీసు మేడమ్ మా."

"మేడమైతే కూచోమను. ఎండలో యాల నిలబెట్టినావు?"

లోటాతో నీళ్లు తెచ్చి, ఇవ్వాలా వద్దా అన్నట్టు చెయిన్‌మన్ గుమ్మం దగ్గర ఆగాడు. నేనే చెయ్యి చాపి తీసుకుని తాగాను. ఏదో పెద్ద పని చేసినట్టు ఆ రోజు అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, దాహమేసి నీళ్లు తాగడమే కదా అది.

ఆ ఇంటి వాకిలికి రెండు పక్కలా రాతికంబాలున్నాయి. కుడివైపు దానిమీద కొడవలితో గీరిన అడ్డగీతలు కనిపించాయి. అవేంటని అడిగాను.

"నీళ్లు వచ్చిన గుర్తులు" అంది ఆ పెద్దమ్మ. లేచి వచ్చి ఒక్కొక్కటే వేలితో చూపించింది. "ఇది వీడు పుట్టిన ఏడు. ఇది మా ఇంటాయన సచ్చిపోయిన ఏడు. ఇదో, ఈ పైది, ఆ కొసన ఉండే గుడిసెలు కొట్టుకోని పోయిన ఏడు."

పై గీత నా నడుముకు వచ్చింది.

"వంక పొంగి వస్తాయా పెద్దమ్మా?"

"అందురూ అట్లే అనుకుంటారు. ముందర నుంచి రావు పాపా. ఎనక తట్టు సెరువుండాది సూడు, అది నిండి పొర్లితే ఆ నీళ్లు మాకు ఎనక నుంచి దూరతాయి. ఈడ రోంతసేపు నిలిచి, వంకలోకి దిగి పోతాయి. వంక ఉండబట్టే బతికినాము."

ఆ మాట విన్నాక నేను గీసిన రోడ్డు నాకు వేరేగా కనిపించింది. వంకను పూడ్చి ఎత్తుగా రోడ్డు వేస్తే, వెనక నుంచి వచ్చిన నీళ్లు దిగిపోయే దారే ఉండదు. కానీ పెద్దమ్మ చెప్పిందని ఆఫీసులో అంటే ఎవరూ వినరు. తర్వాతి నాలుగు ఆదివారాలు లెవెల్ మిషను తీసుకుని వెళ్లాం. మూడు కాళ్ల మీద నిలబెట్టే చిన్న దుర్భిణి అది. దాంట్లోంచి చూస్తే ఏ చోటు ఎంత ఎత్తో, ఎంత పల్లమో తెలుస్తుంది. ప్రతి ఇంటి గడప ఎత్తు తీశాం. రాతికంబం మీది గీతలు తీశాం. చెరువు నుంచి వంక దాకా నేల వాలు తీశాం. చెయిన్‌మన్ అన్నాళ్లూ లెక్కలు అరిచి చెప్పేవాడు గదా, తన వాడలో మాత్రం నెమ్మదిగా చెప్పాడు. ఇండ్లలోంచి ఆడవాళ్లు తొంగిచూస్తుంటే సిగ్గుపడ్డాడు.

లెక్క వేస్తే, మేమనుకున్న రోడ్డు ఆ ఇండ్ల చూరుల కంటే ఎత్తులో వస్తోంది.

ఆ కాగితాలు సార్ బల్ల మీద పెట్టాను. ముందు కోప్పడ్డాడు. ప్లాను పైకి వెళ్లిపోయింది, నిన్నెవరు కొలవమన్నారు అన్నాడు. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని గంటసేపు లెక్కలు చూశాడు. తప్పు దొరకలేదు. కుర్చీలో వెనక్కి వాలి నెమ్మదిగా అన్నాడు.

"చూడమ్మా. ఈ ఇళ్లు మ్యాపులో గీస్తే, సర్కారు జాగాలో ఇళ్లెందుకున్నాయని రేపు ఎవడో ఒకడు అడుగుతాడు. గీయకపోతే మునుగుతారు. గీస్తే లేపేస్తారు. ఏది మంచిదో నువ్వే చెప్పు."

మంచి పని చేస్తున్నానన్న ఊపులో ఆ సంగతే నాకు తట్టలేదు. చెయిన్‌మన్‌కు చెప్పాను. మరుసటి ఆదివారం అతను వాడలో అందరినీ కూర్చోబెట్టాడు.

రెండు వారాలు వాదించుకున్నారు. గీయొద్దన్నవాళ్లు కొందరు గట్టిగానే అన్నారు. "ఇన్నాళ్లు ఎవురి కంటా పడకుండా ఉండాము. కాయితంలో ఎక్కితే పోలీసోళ్లు వస్తారు" అన్నాడు ఒకతను. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. చివరకు పెద్దమ్మ లేచింది.

"కాయితంలో లేనందుకు ఇన్నేండ్లూ మనకేమొచ్చింది? నీళ్లొచ్చినాయి. గియ్యి పాపా. అన్ని ఇండ్లూ గియ్యి. కోళ్లగూడు గూడా ఇడిసిపెట్టొద్దు."

గీశాను. తెల్లగా ఉన్న చోటంతా నింపాను. కోళ్లగూళ్లు కూడా చుక్కలుగా పెట్టాను, స్కేలు ప్రకారం అవి రావు కానీ పెట్టాను. ఒక ప్రింటు ఆ విదేశీ మనిషికి పంపుతూ, ఆ బాటల మీద మా చెయిన్‌మన్, వాళ్ల వాడవాళ్లు నడుస్తారు, ఖాళీ అని రాయడం నా తప్పు అని రాశాను. రాతికంబం బొమ్మ వేసి, గీతల గురించి కూడా రాశాను.

ఈసారి జవాబు త్వరగా వచ్చింది. లోపల ఒక ఫోటో. వాళ్ల ఊరి పాత రాతి వంతెన, దాని స్తంభం మీద అడ్డంగా గీతలు, పక్కన సంవత్సరాలు చెక్కి ఉన్నాయి. మా దగ్గర కూడా మీ పెద్దమ్మ లాంటివాళ్లు ఉండేవారు అని రాశాడు. వాళ్ల ఊరి కథ కూడా చెప్పాడు. ఊరి మధ్యలో పారే చిన్న ఏటిని ఆయన కుర్రతనంలో మూసేసి పైన రోడ్డు వేశారట. ఆ ప్లాను గీసింది ఆయనే. రెండు పెద్ద వరదల తర్వాత ఇప్పుడు ఆ రోడ్డు పగలగొట్టి ఏటిని మళ్లీ తెరుస్తున్నారట. ఆ ప్లాను కూడా తనే గీస్తున్నానని, గీసినదాన్ని చెరపడం గీయడం కంటే కష్టంగా ఉందని రాశాడు.

సార్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రోడ్డు సంగతి మాట్లాడేందుకు ఊరి పెద్దలు, అధికారులు పెట్టిన సమావేశానికి నన్ను, చెయిన్‌మన్‌ను, పెద్దమ్మను వెంటబెట్టుకుని వెళ్లాడు. పెద్దమ్మను ముందు మాట్లాడమన్నాడు. ఆమె నాకు చెప్పినట్టే చెప్పింది, చేతులు ఊపుతూ, చెరువు ఇటు, వంక అటు అని. వినేవాళ్లు మర్యాదగానే విన్నారు. ఒకరు గడియారం చూసుకున్నారు. తర్వాత నేను లెక్కలు చెప్పాను. అవీ అంతే. అప్పుడు సార్ లేచి విదేశీ ఉత్తరం తీసి, తెలుగులో చెబుతూ చదివాడు. ఫోటో చేతులు మారింది. గదిలో గాలి మారిపోయింది. అంత పెద్ద దేశంలోనే పగలగొడుతున్నారంటే మనమెందుకు పూడ్చాలి అని మొదట అన్నది ఆ గడియారం చూసుకున్నాయనే.

బయటికి వచ్చాక పెద్దమ్మ మెట్ల మీద కూర్చుంది.

"నేను సెప్పింది, ఆయప్ప సెప్పింది ఒకటే గదా పాపా?"

"ఒకటే పెద్దమ్మా."

"మరి నాది యాల ఇనలేదు?"

నేను సార్ వైపు చూశాను. ఆయన చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ ఉన్నాడు. చివరకు చెయిన్‌మనే, "ఆయప్పది కాయితంలో ఉండాది మా" అన్నాడు.

"అయితే నాది గూడా కాయితంలో ఎయ్యండి" అంది.

వేశాం. కొత్త ప్లాను అంచున, నీటి ఎత్తు ఎలా తెలిసిందో రాసే చోట, వాడలోని పెద్దమ్మ రాతికంబం మీద పెట్టుకున్న గుర్తుల ప్రకారం అని సార్ తన చేత్తో రాశాడు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఇలాంటిది ఎప్పుడూ రాయలేదని నవ్వాడు.

పనులు నెమ్మదిగా జరిగాయి. రోడ్డు వంక ఎగువకు జరిగింది. వంక సన్నగా ఉన్న చోట కమానుల వంతెన కట్టి దాటించారు. చెరువు నుంచి వచ్చే నీళ్లు వంకలోకి దిగేందుకు ఇండ్ల వెనక కాలవ తవ్వారు. భయపడినట్టు వాడను లేపేయలేదు కానీ, అన్నీ సవ్యంగా జరిగాయని కూడా చెప్పలేను. బాగా పల్లంలో ఉన్న వరస ఇండ్లవాళ్లకు మెరకలో వేరే స్థలాలు చూపించారు. అక్కడికి నీళ్ల బావి దూరం. ఆ ఆడవాళ్లు కొన్నేళ్లు నన్ను చూస్తే ముఖం తిప్పుకునేవారు. మిగతా ఇండ్లకు పట్టాలు రావడానికి చాలా కాలం పట్టింది. కాలవ తవ్విన మరుసటి ఏడాది చెరువు నిండి పొర్లింది. నీళ్లు పెద్దమ్మ గడప దాకా వచ్చి, అక్కడి నుంచి తగ్గిపోయాయి. చెయిన్‌మన్ ఆ సంగతి చెప్పడానికి తడిసిన బట్టలతోనే ఆఫీసుకు వచ్చాడు.

ఎనభైల మధ్యలో నన్ను కొన్నాళ్లు కుప్పం పంపారు. అప్పటికి ట్రేసర్ నుంచి డ్రాఫ్ట్స్‌మన్ అయ్యాను, ఆ మాటకు ఆడవాళ్ల రూపం ఎవరూ చెప్పలేదు. చెయిన్‌మన్ కూడా వచ్చాడు. కుప్పంలో బజారులో ఒక అంగట్లో తెలుగు, పక్క అంగట్లో తమిళం, ఎదురుగా కన్నడం. చెయిన్‌మన్ మూడింటిలోనూ బేరమాడేవాడు. అక్కడ ఉండగానే ఆ విదేశీ మనిషి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. సెలవు పెట్టి సొంతంగా వస్తున్నానని, బెంగళూరు దాకా విమానంలో, అక్కడి నుంచి రైల్లో కుప్పం వస్తానని.

స్టేషనుకు ఇద్దరం వెళ్లాం. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు చెయిన్‌మన్. రైలు దిగిన ఆ ఒక్క తెల్లమనిషిని గుర్తుపట్టడం కష్టం కాలేదు. పొడుగ్గా, వంగిన భుజాలతో, చేతికర్ర పట్టుకుని ఉన్నాడు. ఉత్తరాలను బట్టి నేను అంత పెద్దవాడని అనుకోలేదు. ఆయన మమ్మల్ని చూసి నేరుగా చెయిన్‌మన్ దగ్గరికి వెళ్లి, రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని ఊపుతూ గడగడా ఏదో చెప్పసాగాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"మా, ఈయప్ప నా సెయ్యి ఇడిసిపెట్టడం లే" అన్నాడు చెయిన్‌మన్, కదలకుండా.

అప్పుడర్థమైంది. ఇన్నేళ్లూ ఆయన ఉత్తరాలన్నీ "అయ్యా" అనే మొదలయ్యేవి. నా పొడి అక్షరాలు చూసి మగమనిషే అనుకున్నాడు. నేను నా కుడిచెయ్యి చాపి, వేళ్ల కొసలకు ఎప్పటికీ పోని ఇంకు మరకలు చూపించాను. "మ్యాపు నేను గీశాను. ఈయన బాటల మీద నడిచే మనిషి" అన్నాను. ఆయన ముఖం ఎర్రగా అయింది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పెద్దగా నవ్వేశాడు. చెయిన్‌మన్ చెయ్యి మాత్రం ఇంకాసేపు వదల్లేదు.

మరుసటి రోజు పలమనేరు మీదుగా బస్సులో పుంగనూరు వెళ్లాం. సంత రోజు చూసుకునే వెళ్లాం. కిటికీ పక్కన కూర్చుని ఆయన ప్రతి కల్వర్టునూ లెక్కపెట్టాడు. నేనూ బస్సెక్కితే అదే చేస్తాను, కాబట్టి వింతగా అనిపించలేదు.

పెద్దమ్మకు అప్పటికి చూపు మందగించింది. తెల్లమనిషి వచ్చాడని చెబితే చేత్తో తడిమి, "ఏమప్పా, నువ్వేనా మా ఇండ్లు యాడుండాయని అడిగినోడివి?" అంది. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన అవునన్నాడు. "కూచో. సంగటి తిను" అంది. రాగిసంగటి, చెనిక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి పెట్టారు. సంగటి నమలబోయి ఇబ్బంది పడుతుంటే, నమిలేది కాదు, మింగేదని చెయిన్‌మన్ చేసి చూపించాడు. ఊరుబిండి కారానికి చెంబెడు నీళ్లు తాగాడు కానీ ఆకులో ఏమీ వదల్లేదు. తర్వాత రాతికంబం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, దానికి కాగితం ఆనించి పెన్సిలుతో రుద్ది ఆ గీతల అచ్చు తీసుకున్నాడు.

మధ్యాహ్నం సంత చూశాం. వంక ఇసకంతా పొట్టి ఆవులు, కాడి ఎద్దులు, తువ్వాళ్ల కింద వేళ్లు పట్టుకుని బేరాలు. ఆయన ఒక రాయి మీద కూర్చుని సాయంత్రం దాకా బొమ్మ వేశాడు. తిరిగి వాడకు వచ్చాక, నీళ్లు వచ్చినప్పుడు ఈ సంతంతా ఎక్కడికి పోతుందని పెద్దమ్మను అడగమన్నాడు.

"నీళ్లొచ్చిన వారం సంత ఉండదు. నీళ్లు వాటి దావన అవి పోతాయి. ఆరినాక మళ్లా ఎద్దులొస్తాయి. దీంట్లో ఏముండాది అడిగేదానికి?" అంది ఆమె.

ఆయన ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడు. ఎందుకని అడిగితే చెప్పాడు. తెరిచిన ఏటి చుట్టూ వాళ్ల ఊళ్లో కంచె వేయాలని కొందరు, వద్దని కొందరు రెండేళ్లుగా కొట్టుకుంటున్నారట. నీళ్లకు ఒక చోటు, మనుషులకు ఇంకో చోటు అన్నదే అందరి ఆలోచన. ఒకే చోటు వంతులవారీగా ఇద్దరిదీ కావచ్చని ఎవరికీ తట్టలేదన్నాడు. మరుసటి ఏడాది పంపిన ఫోటోలో కంచె లేదు. ఏటిలోకి దిగే వెడల్పాటి మెట్లున్నాయి. మెట్ల మీద బుట్టల్లో కూరగాయలు పెట్టుకుని ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. పెద్దమ్మకు కనిపించదని తెలిసినా ఆ ఫోటో ఆమె చేతిలో పెట్టి వివరించి చెప్పాను. "మంచి పని సేసినారు" అని, వంకాయలు అక్కడ ఏ ధరకు ఉన్నాయని అడిగింది.

రెండు ఊళ్ల మధ్య ఒప్పందం రాసుకోవాలని మా సార్ చాలా ప్రయత్నించాడు. ఆ కాగితం ఏదో ఒక బల్ల మీద ఆగిపోయింది. ఏ బల్లో మాకు తెలియలేదు. సార్‌కు బదిలీ అయింది, చెయిన్‌మన్ రిటైరయ్యాడు. ఒప్పందం లేకుండానే ఏడాదికి ఒకటో రెండో ప్రింట్లు అటు వెళ్లేవి, ఇటు వచ్చేవి.

దశాబ్దం చివర్లో ఆయన కూడా రిటైరయ్యాడు. తన బల్ల దగ్గర ఇప్పుడొక యువకుడు ఉన్నాడని, అతను మీకు రాస్తాడని చివరి ఉత్తరంలో తెలియజేశాడు. ఆ సమయంలో నేను శాంతిపురం దగ్గర రాతిపని చేసే కుటుంబాల కోసం ఒక కొత్త కాలనీ గీస్తున్నాను. దాని ప్రింటు పంపాను. కొత్త మనిషి జవాబు టైపు చేసి ఉంది. అతను పంపిన మ్యాపులో గీత పాతాయన గీతంత బాగా లేదు. మీ కాలనీలో ఇండ్లన్నీ పడమర ముఖంగా ఎందుకు పెట్టారు, అక్కడ సాయంత్రం ఎండ ఎలా ఉంటుంది అని మాత్రం అడిగాడు.

నాకూ తెలియదు. సాయంత్రం పూట వెళ్లి, అక్కడ కూర్చుని చూసి రాస్తానని ఆ రోజే జవాబు పోస్టు చేశాను.